పన్ను వేలంలో అమెరికా ఇల్లు: చవక ధర వెనక ఉన్న చట్టపు చిక్కులు

"రెండు లక్షల డాలర్ల ఇల్లు ఇరవై వేలకే", "లోను లేదు, వడ్డీ లేదు, వేలంలో పాడుకోవడమే" అంటూ అమెరికా ఇళ్ల గురించి యూట్యూబ్‌లో చాలా వీడియోలు కనిపిస్తున్నాయి. హ్యూస్టన్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి అది చూసి ఇంటికి ఫోన్ చేస్తాడు. కొంచెం డబ్బు సర్దితే ఒక ఇల్లు మనదైపోతుంది అంటాడు. బ్యాంకు వడ్డీ జోలికి వెళ్లకూడదనుకునే కుటుంబాలకు ఈ మాట మరీ నచ్చుతుంది. నగదు కట్టి కొనుక్కోవడమే కదా, ఇబ్బంది ఏముంటుంది అనిపిస్తుంది.

ఈ వేలాలు బోగస్ కాదు. ఆస్తి పన్ను బకాయిలు రాబట్టుకోవడానికి అక్కడి కౌంటీలు చట్టప్రకారం వేసే వేలాలే ఇవి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అయితే పాట గెలిచిన రోజున చేతికి వచ్చేది పూర్తి ఇల్లు కాదు. ఆ ఇంటి మీద కౌంటీ అమ్మగలిగిన హక్కు మాత్రమే వస్తుంది. మిగతాది రావాలంటే పాత యజమాని, అతని బ్యాంకు, ఒక్కోసారి కేంద్ర ప్రభుత్వపు పన్ను శాఖ, చివరికి కోర్టు, ఇంతమందిని దాటాలి. ఇంటి ధర తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

అసలు ఇల్లు వేలానికి ఎలా వస్తుంది?

మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌నే తీసుకుందాం. ఆ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. స్కూళ్లు, రోడ్లు, ఆస్పత్రులకు డబ్బు ఎక్కువగా ఆస్తి పన్ను నుంచే రావాలి. అందుకే ఏటా వేల డాలర్ల బిల్లు వస్తుంది. మామూలుగా అక్టోబర్ నుంచి బిల్లులు పంపుతారు. జనవరి 31 లోపు కట్టాలి. ఫిబ్రవరి 1 నుంచి అది బకాయి. పెనాల్టీ, వడ్డీ మొదలవుతాయి.

అప్పటికీ కట్టకపోతే పన్ను అధికారులు కోర్టులో దావా వేస్తారు. తీర్పు వచ్చాక షెరీఫ్ లేదా కానిస్టేబుల్ ఆ ఆస్తిని వేలం వేస్తారు. సాధారణంగా నెలలో మొదటి మంగళవారం ఈ వేలం జరుగుతుంది. కొన్ని కౌంటీల్లో కోర్టు భవనం దగ్గర, మరికొన్ని చోట్ల ఆన్‌లైన్‌లో. పాట సాధారణంగా బకాయి, ఖర్చులు కలిపిన మొత్తం దగ్గర మొదలవుతుంది. ఇంటి విలువ దగ్గర కాదు. రెండు లక్షల ఇంటికి ఇరవై వేల పాట అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. మంచి ఇల్లు అయితే పోటీ వచ్చి ధర పైకి పోతుంది. ఎవరూ పైకి పాడని ఇల్లు ఉందంటే, ఎందుకు పాడలేదో ముందు ఆలోచించాలి.

రాష్ట్రాన్ని బట్టి ఈ పద్ధతి మారిపోతుంది. కాలిఫోర్నియాలో మామూలు ఇల్లు అయిదేళ్ల పాటు బకాయి పడితే గానీ వేలానికి రాదు. కాబట్టి టెక్సాస్ వీడియో చూసి కాలిఫోర్నియాలో పాడకూడదు. జార్జియాలో ఉన్న చుట్టం అనుభవం ఫ్లోరిడాలో పనికిరాదు.

లియెన్ వేరు, డీడ్ వేరు

అమెరికాలో పన్ను వేలాలు ప్రధానంగా రెండు రకాలు. ఈ తేడా తెలియకుండానే చాలామంది డబ్బు పెడుతున్నారు.

మొదటి రకంలో అమ్మేది ఇంటిని కాదు, బకాయిని. ఫ్లోరిడా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో మీరు కౌంటీకో మున్సిపాలిటీకో పన్ను మొత్తం కడతారు. బదులుగా ఒక సర్టిఫికెట్ ఇస్తారు. యజమాని తర్వాత ఆ బకాయిని వడ్డీతో సహా తీరిస్తే, ఆ డబ్బు మీకు వస్తుంది. ఈ రెండు రాష్ట్రాల్లోనూ వేలం 18 శాతం వడ్డీ దగ్గర మొదలై కిందికి దిగుతుంది. ఎవరు తక్కువ వడ్డీకి ఒప్పుకుంటే వాళ్లకే సర్టిఫికెట్. యజమాని కట్టకపోతే, గడువు దాటాక మీరు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా కోర్టుకు వెళ్లాలి. అంటే సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన ఇంటి గుమ్మం ఎక్కే హక్కు రాదు.

రెండో రకంలో ఇంటి హక్కు పత్రాన్నే, అంటే డీడ్‌నే అమ్ముతారు. టెక్సాస్, జార్జియా, కాలిఫోర్నియా ఇలాంటివి. ఇక్కడ మీ పేరు మీద కాగితం వస్తుంది. కానీ అది మనకు తెలిసిన సేల్ డీడ్ లాంటిది కాదు. మామూలు అమ్మకంలో "ఈ ఆస్తి మీద వేరే ఎవరికీ హక్కు లేదు, ఉంటే నాదే పూచీ" అని అమ్మేవాడు రాసిస్తాడు. పన్ను వేలంలో కౌంటీ అలాంటి పూచీ ఏదీ ఇవ్వదు. ఇల్లు ఉన్నది ఉన్నట్టు, హక్కు ఉన్నంత మేరకు మాత్రమే మీది.

పాత యజమాని తిరిగి వస్తే?

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. చాలా రాష్ట్రాలు పాత యజమానికి ఇల్లు విడిపించుకునే గడువు ఇస్తాయి. కొన్ని వేలానికి ముందు ఇస్తాయి, కొన్ని తర్వాత కూడా ఇస్తాయి. కాలిఫోర్నియాలో వేలానికి ముందు చివరి పనిదినంతో ఆ హక్కు అయిపోతుంది. టెక్సాస్‌లో మాత్రం వేలం తర్వాత కూడా ఉంటుంది. యజమాని తాను ఉంటున్న ఇల్లుగా నమోదు చేయించుకున్న ఆస్తికి, దాన్ని హోమ్‌స్టెడ్ అంటారు, డీడ్ నమోదైన రోజు నుంచి రెండేళ్లు. వ్యవసాయ భూమికీ అంతే. మామూలు ఇతర ఆస్తులకు 180 రోజులు.

విడిపించుకోవాలంటే యజమాని మీరు పాడిన మొత్తం, రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత మీరు కట్టిన పన్నులు, చట్టం ఒప్పుకునే ఖర్చులు ఇవ్వాలి. ఆ మొత్తం మీద మొదటి ఏడాదిలో అయితే 25 శాతం, హోమ్‌స్టెడ్‌కు రెండో ఏడాదిలో అయితే 50 శాతం అదనంగా ఇవ్వాలి. వీడియోల్లో ఊదరగొట్టేది ఈ 25 శాతం గురించే. "ఇల్లు వస్తే ఇల్లు, రాకపోతే 25 శాతం లాభం" అంటారు.

లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. ఒక ఇల్లు 80,000 డాలర్లకు పాడారు. ఆ ఏడాది పన్ను 4,000, ఇన్సూరెన్స్ 2,000 కట్టారు. ఇల్లు పాతది కాబట్టి కొత్త వంటగది, ఫ్లోరింగ్, ఏసీ కోసం 30,000 పెట్టారు. చిన్న ఫీజులు పక్కన పెడితే మీ చేతి నుంచి పోయింది 1,16,000. పదో నెలలో యజమాని వచ్చాడు. అతను ఇవ్వాల్సింది 80,000, 4,000, 2,000 కలిపి 86,000. దాని మీద 25 శాతం అంటే 21,500. మొత్తం 1,07,500. మీరు 8,500 డాలర్లు నష్టపోయారు. ఎందుకంటే ఇంటిని కాపాడటానికి అవసరమైన ఖర్చు, ఇన్సూరెన్స్, మున్సిపల్ నిబంధన ప్రకారం తప్పనిసరిగా చేయాల్సిన మరమ్మతు లాంటివే లెక్కలోకి వస్తాయి. మీ ఇష్టం కొద్దీ చేసుకున్న హంగులు రావు.

అందుకే తెలిసినవాళ్లు గడువు ముగిసేదాకా ఇంటి మీద పెద్ద ఖర్చు పెట్టరు. అలా పెట్టకుండా రెండేళ్లు ఖాళీగా ఉంచితే ఇల్లు పాడవుతుంది, పన్ను మాత్రం ఏటా పడుతూనే ఉంటుంది.

జార్జియాలో లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ 12 నెలల దాకా విడిపించుకోవచ్చు, మొదటి ఏడాది అదనం 20 శాతం. కానీ 12 నెలలు అయిపోగానే హక్కు దానంతట అదే పోతుందనుకుంటే పొరపాటు. కొన్నవాళ్లు పాత యజమానికి, ఆస్తి మీద హక్కున్న ఇతరులకు చట్టం చెప్పిన పద్ధతిలో నోటీసులు ఇచ్చి ఆ హక్కును మూసేయాలి. ఆ పని చేయకుండా ఇల్లు నాదే అని కూర్చుంటే ఎవరో ఒకరు డబ్బుతో తలుపు తడతారు.

నోటీసు అందకపోతే వేలమే చెల్లదు

గడువు దాటింది, యజమాని రాలేదు. ఇక ఇల్లు మనదే కదా? అప్పుడు కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. వేలానికి ముందు అందరికీ సరిగ్గా నోటీసు వెళ్లిందా?

1983లో అమెరికా సుప్రీంకోర్టు మెన్నొనైట్ బోర్డ్ ఆఫ్ మిషన్స్ వర్సెస్ ఆడమ్స్ కేసులో ఈ విషయం తేల్చింది. ఇండియానా రాష్ట్రంలో ఒక ఆస్తిని పన్ను బకాయి కింద 1977లో 1,167 డాలర్ల చిల్లరకు అమ్మారు. ఆ ఆస్తి మీద ఒక సంస్థకు తాకట్టు హక్కు ఉంది. అప్పు తీసుకున్న మనిషి నెలనెలా కిస్తీ కడుతూనే ఉంది కానీ పన్ను కట్టలేదు. వేలం సంగతి తాకట్టు పెట్టుకున్న సంస్థకు చెప్పనేలేదు. పేపర్లో ప్రకటన, కోర్టు గోడ మీద కాగితం సరిపోవని, చిరునామా తెలిసే వీలున్న తాకట్టుదారుకు నేరుగా తెలియజేయాల్సిందేనని కోర్టు చెప్పింది.

2006లో జోన్స్ వర్సెస్ ఫ్లవర్స్ కేసు వచ్చింది. ఇది ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ నగరానికి చెందింది. యజమాని 30 ఏళ్లు ఇంటి లోను కట్టాడు. ఆ లోను నడిచినంత కాలం లోను ఇచ్చిన కంపెనీయే ఆస్తి పన్ను కడుతూ వచ్చింది. 1997లో లోను తీరిపోయింది. ఆ తర్వాత పన్ను ఎవరూ కట్టలేదు. అతను అప్పటికే భార్య నుంచి విడిపోయి వేరే చోట ఉంటున్నాడు. ప్రభుత్వం పంపిన సర్టిఫైడ్ ఉత్తరం ఎవరూ తీసుకోక వెనక్కి వచ్చింది. రెండోసారి పంపింది కూడా అంతే. సుమారు 80,000 డాలర్ల ఇల్లు 21,042 డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు ఇల్లు ఖాళీ చేయమని నోటీసు పంపాక గానీ అతనికి సంగతి తెలియలేదు. ఉత్తరం వెనక్కి వచ్చిందని తెలిసి కూడా ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోకూడదు, వీలైన ఇంకో ప్రయత్నం చేయాలి అని సుప్రీంకోర్టు 5-3 మెజారిటీతో తీర్పు ఇచ్చింది.

రెండు కేసుల్లోనూ ఉత్తరాలు పంపే పని కొన్నవాళ్లది కాదు, ప్రభుత్వానిది. అయినా వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోవాల్సి వచ్చింది.

టెక్సాస్‌లో పన్ను వేలాన్ని సవాలు చేయడానికి సాధారణంగా డీడ్ నమోదైన నాటి నుంచి ఏడాది, హోమ్‌స్టెడ్‌కు రెండేళ్ల గడువు ఉంది. అయినా నోటీసు విషయంలో రాజ్యాంగ హక్కు దెబ్బతింటే ఆ గోడ కూడా గట్టిగా నిలబడదు. 2022లో టెక్సాస్ సుప్రీంకోర్టు 1999 నాటి ఒక పన్ను తీర్పును పరిశీలించింది. ఆస్తిదారు చిరునామా కౌంటీ దస్తావేజుల్లోనే ఉన్నా, వెతకకుండా బహిరంగ ప్రకటనతో సరిపెట్టడం కుదరదని చెప్పింది. 23 ఏళ్ల తర్వాత కూడా పాత ఫైలు తెరుచుకుంది.

మిగులు డబ్బు ఎవరిది?

బకాయి 15,000 అయితే, ఇల్లు 40,000కు అమ్ముడుపోతే, మిగతా 25,000 ఎవరికి చెందాలి? ఇది అచ్చంగా టైలర్ వర్సెస్ హెన్నెపిన్ కౌంటీ కేసు. మిన్నెసోటాలో 94 ఏళ్ల వృద్ధురాలికి మినియాపొలిస్‌లో ఒక ఫ్లాట్ ఉండేది. ఆమె వేరే చోటికి మారిపోయాక పన్ను ఆగిపోయింది. అసలు పన్ను సుమారు 2,300 డాలర్లు. వడ్డీ, పెనాల్టీలు కలిపి 15,000 అయ్యింది. కౌంటీ ఫ్లాట్‌ను 40,000కు అమ్మి మొత్తం తానే ఉంచుకుంది. 2023 మే 25న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇది తప్పు అంది. ప్రభుత్వం తనకు రావాల్సింది తీసుకోవచ్చు, అంతకు మించి తీసుకుంటే అది ఆస్తి లాక్కోవడమే అని తేల్చింది.

ఈ తీర్పు తర్వాత, మిగులును యజమానికి ఇవ్వని పద్ధతి ఉన్న రాష్ట్రాలు తమ చట్టాలను సవరించుకోవాల్సి వచ్చింది. టెక్సాస్‌లో ముందు నుంచే మిగులు డబ్బు కోర్టులో జమ అవుతుంది, పాత యజమాని రెండేళ్ల లోపు అడగవచ్చు. కొనాలనుకునేవాళ్లకు దీని అర్థం ఒకటే. మూడు నాలుగేళ్ల కిందటి వీడియోలో చెప్పిన పద్ధతి ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఉండకపోవచ్చు. ఆ రోజు అమల్లో ఉన్న చట్టం చూడాలి.

ఇంటితో పాటు వచ్చే పాత భారాలు

పన్ను వేలంతో పాత తాకట్లు చాలావరకు తుడిచిపెట్టుకు పోతాయి. అయితే అన్నీ పోవు.

యజమాని కేంద్ర ప్రభుత్వానికి ఆదాయపు పన్ను బాకీ ఉంటే, పన్ను శాఖ, అంటే ఐఆర్‌ఎస్, ఆ ఇంటి మీద హక్కు నమోదు చేసి ఉండవచ్చు. అలాంటప్పుడు వేలం తర్వాత 120 రోజులు, లేదా రాష్ట్రం ఇచ్చే గడువు, రెండింట్లో ఏది ఎక్కువైతే అంతకాలం ఆ శాఖ ఇల్లు విడిపించుకోవచ్చు. కోర్టు బయట జరిగే వేలం అయితే శాఖకు ముందుగా నోటీసు వెళ్లాలి. వెళ్లకపోతే ఆ హక్కు వేలం తర్వాత కూడా ఇంటిని అంటిపెట్టుకునే ఉంటుంది.

ఫ్లోరిడాలో టాక్స్ డీడ్ వచ్చినా మున్సిపాలిటీ, కౌంటీల భారాలు మిగిలిపోతాయి. గడ్డి కోయనందుకో, కూలే గోడ బాగు చేయనందుకో రోజుకు ఇంత అని పడిన జరిమానా ఏళ్ల తరబడి పేరుకుపోయి ఉంటే అది కొత్త యజమాని నెత్తినే. పక్కవాళ్లకు దారి ఇచ్చే హక్కులు, కాలనీ నియమాలు కూడా మామూలుగా కొనసాగుతాయి. యజమాని దివాలా పిటిషన్ వేసి ఉంటే, ఆ సమయంలో వసూలు చర్యలన్నీ ఆగిపోవాలని కేంద్ర చట్టం ఉంది. దాన్ని దాటి జరిగిన వేలాన్ని కోర్టు కొట్టేయవచ్చు.

మన దగ్గర ఇల్లు కొనేటప్పుడు ఈసీ తీసి, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కు చూపిస్తాం. అక్కడ ఆ పని టైటిల్ కంపెనీ చేస్తుంది, ఇన్సూరెన్స్ కూడా ఇస్తుంది. కానీ పన్ను వేలంలో వచ్చిన డీడ్ మీద అప్పటికప్పుడు టైటిల్ ఇన్సూరెన్స్ ఇవ్వడానికి కంపెనీలు మామూలుగా ఒప్పుకోవు. అది లేకపోతే మీ దగ్గర కొనేవాడికి బ్యాంకు లోను దొరకదు. అంటే మంచి ధరకు అమ్మలేరు. చాలామంది చివరికి క్వయట్ టైటిల్ అనే దావా వేసి, హక్కు నాదేనని కోర్టు చేత చెప్పించుకుంటారు. దానికి లాయర్ ఫీజు, నెలల సమయం కావాలి.

ఇంట్లో ఎవరో ఉన్నారు

వేలానికి ముందు ఇంటి లోపలికి వెళ్లి చూసే అవకాశం సాధారణంగా ఉండదు. రోడ్డు మీద నుంచే చూడాలి. పైకప్పు కారుతుందా, పైపులు ఉన్నాయా అనేది గెలిచాకే తెలుస్తుంది. ఖాళీ స్థలం అయితే అది రెండు ఇళ్ల మధ్య మిగిలిన పట్టీ కావచ్చు, దారి లేనిది కావచ్చు.

ఇంట్లో పాత యజమానో, అద్దెకున్నవాళ్లో ఉంటే వాళ్లను మీరు చెయ్యి పట్టి బయటికి పంపలేరు. తాళం మార్చడం, కరెంటు తీయించడం చేస్తే మీ మీదే కేసు. కోర్టుకు వెళ్లి ఖాళీ చేయించుకోవాలి. జార్జియాలో అయితే విడిపించుకునే హక్కు మూసేదాకా ఇల్లు స్వాధీనం చేసుకునే హక్కే ఉండదు. ఆ ఇంట్లో ఉన్నది రోగంతో మంచాన పడ్డ మనిషి కావచ్చు, భర్త పోయాక బిల్లులు అర్థం కాని విధవరాలు కావచ్చు. వేలం పాడేముందు మనసులో ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి.

వడ్డీ లేదన్న మాట ఎంతవరకు నిజం?

లోను తీసుకోలేదు కాబట్టి ఇందులో రిబా లేదని వీడియోల కింద రాస్తుంటారు. సర్టిఫికెట్ వేలాల విషయంలో ఆ మాట నిలవదు. అక్కడ మీరు కొంటున్నదే ఒకరి బాకీ. దాని మీద వచ్చేది వడ్డీయే, చట్టం కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది. ఇల్లు కొన్నట్టు పైకి కనిపించినా లోపల జరిగేది వడ్డీ వ్యాపారం.

డీడ్ వేలంలో కొనేది ఆస్తినే కాబట్టి విషయం వేరు. కానీ పాత యజమాని విడిపించుకుంటే వచ్చే 25 శాతం అదనం తీసుకోవచ్చా? ఏం కొంటున్నామో పూర్తిగా తెలియని బేరంలో గరర్ ఎంత ఉంది? ఇవి వార్తలో తేల్చే విషయాలు కావు. డబ్బు పెట్టేముందు, ఆ రాష్ట్రపు పద్ధతి మొత్తం వివరించి, నమ్మకమైన ముఫ్తీని అడగండి. "వేలంలో ఇల్లు కొనొచ్చా" అని ఒక్క ముక్కలో అడిగితే వచ్చే జవాబు ఈ కేసుకు సరిపోదు.

ఇక్కడి నుంచి డబ్బు పంపేటప్పుడు

భారత్‌లో ఉన్నవాళ్లు రిజర్వు బ్యాంకు సరళీకృత రెమిటెన్స్ పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. విదేశంలో ఆస్తి కొనడానికి కూడా వాడుకోవచ్చు. బ్యాంకు ద్వారానే వెళ్లాలి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద, ఆస్తి లాంటి పెట్టుబడులకు బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు కూడా మన చేతిలో ఉండదు. మీ పేరు మీద ఆస్తి ఉంటే ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి. త్వరగా అయిపోతుందని హవాలాలో పంపితే ఇక్కడ ఫెమా కేసు, అక్కడ ఈ డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న.

ఇంకో మాట. తండ్రి పంపిన డబ్బు, కొడుకు పేరు మీద డీడ్. అది హిబానా, ఖర్జా, భాగస్వామ్యమా? ఆ రోజే కాగితం మీద రాసుకోండి. లేకపోతే రేపు మీరాస్ పంచుకునేటప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య అదే గొడవ అవుతుంది.

అయినా పాడాలనుకుంటే

- ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న రియల్ ఎస్టేట్ లాయర్‌తో ముందే మాట్లాడండి. ఆ ఫీజును ఇంటి ధరలో భాగంగానే లెక్కేయండి.
- వేలానికి ముందే టైటిల్ సెర్చ్ చేయించండి. ఐఆర్‌ఎస్ హక్కు, మున్సిపల్ జరిమానాలు, దివాలా కేసు ఉన్నాయేమో విడిగా అడగండి.
- కోర్టు ఫైలు తీసి, నోటీసులు ఎవరెవరికి, ఏ చిరునామాకు వెళ్లాయో చూడండి. వెనక్కి వచ్చిన ఉత్తరం కనిపిస్తే ఆగండి.
- యజమాని చనిపోయి ఉంటే వారసులందరికీ తెలియజేశారా అని చూడండి.
- టెక్సాస్‌లో పాడాలంటే మీకు పన్ను బకాయిలు లేవని కౌంటీ నుంచి రాతపూర్వక ధ్రువీకరణ కావాలి. అది ముందే తెచ్చుకోండి.
- డబ్బు మొత్తం వెంటనే, చాలాచోట్ల అదే రోజు కట్టాలి. కట్టలేకపోతే నష్టం మీదే.
- రెండేళ్లు తిరిగి రాకపోయినా ఇల్లు గడిచే డబ్బే పెట్టండి. పెళ్లి కోసం, హజ్ కోసం దాచింది, ఎవరో ఉంచిన అమానత్ ఇందులో పెట్టొద్దు.

వేలానికి వచ్చేది మన ఇల్లే అయితే?

ఇప్పటిదాకా కొనేవాళ్ల వైపు నుంచి చూశాం. కానీ మన కుటుంబాలు అవతలి వైపున నిలబడే అవకాశం కూడా తక్కువేం కాదు. జోన్స్ కేసును ఇంకోసారి గుర్తు చేసుకోండి. లోను ఉన్నంత కాలం చాలా చోట్ల పన్ను నెల కిస్తీలోనే కలిసి ఉంటుంది. దాన్ని ఎస్క్రో అంటారు. వడ్డీ నుంచి బయటపడాలని లోను ముందే తీర్చేసినవాళ్లు, మొదటి నుంచీ నగదుతో కొన్నవాళ్లు, వీళ్లకు ఎస్క్రో ఉండదు. పన్ను బిల్లు తమంతట తామే గుర్తు పెట్టుకుని కట్టాలి. లోను తీరిన సంతోషంలో ఈ సంగతి మరిచిపోతే ఆ ఇల్లే వేలం జాబితాలోకి ఎక్కుతుంది.

రెండో ప్రమాదం వారసత్వం. తండ్రి అమెరికాలో చనిపోతారు. పిల్లలు ఒకరు షికాగోలో, ఒకరు రియాద్‌లో, అమ్మ కర్నూలులో. ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉంటుంది. బిల్లులు చనిపోయిన మనిషి పేరుతో ఖాళీ ఇంటికి వస్తూ ఉంటాయి. వాటాలు తేల్చుకునే లోపే పన్ను దావా పడవచ్చు. వాటాలు తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు ఎవరో ఒకరు పన్ను కట్టి, రసీదు అందరికీ పంపాలి. ఒక లాయర్ ద్వారా వారసుల పేర్లు రికార్డులోకి ఎక్కించాలి.

బకాయి ఇప్పటికే పడి ఉంటే భయపడి ఉత్తరాలు పక్కన పడేయొద్దు. టెక్సాస్‌లో సొంతంగా ఉంటున్న ఇంటికి కిస్తీల్లో కట్టే ఒప్పందం అడగవచ్చు. 65 ఏళ్లు దాటినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు తాము ఉంటున్న ఇంటి పన్నును వాయిదా వేయించుకోవచ్చు. అయితే అది మాఫీ కాదు. వడ్డీతో పెరుగుతూ ఉంటుంది, వాళ్ల తర్వాత వారసులు తీర్చాలి. వేలం జరిగిపోయినా విడిపించుకునే గడువు, మిగులు డబ్బు, ఈ రెండూ అడగడానికి హక్కు ఉంది. మిగులు డబ్బు ఇప్పిస్తామని సగం వాటా అడిగే ఏజెంట్లకు సంతకం పెట్టే ముందు, అదే కోర్టు క్లర్క్ ఆఫీసులో నేరుగా అడగండి.

చాలా కౌంటీల వెబ్‌సైట్లలో ఇంటి చిరునామా కొడితే పన్ను బాకీ ఎంత, బిల్లు ఏ చిరునామాకు వెళుతోంది అనేవి ఉచితంగా కనిపిస్తాయి. అమెరికాలో ఇల్లున్న పిల్లలతో ఈసారి మాట్లాడినప్పుడు ఆ రెండూ చూసి చెప్పమనండి. ఇల్లు మారినవాళ్లయితే కొత్త చిరునామా కౌంటీలో మార్పించమనండి.